గో భాష నేర్చుకోవడానికి ఒక చిన్న పనిముట్టు: తెలుగు అక్షరాలు లెక్కపెట్టే ప్రోగ్రాము కడుతూ

నేను గతంలో పనిచేసిన ఒక చోట వెంకటేశ్వరరావు గారి పేరు రిపోర్టులో 'వెంకటేశ్వర' దగ్గర ఆగిపోయింది. డేటాబేసులో పేరు కాలమ్‌కి 30 బైట్ల హద్దు పెట్టారు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ పేరు 20 బైట్లు కూడా దాటదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తెలుగులో రాస్తే అదే పేరు 42 బైట్లు. మొదటి 30 నిలిచాయి, 'రావు' రాలిపోయింది.

ఫైలు ఇస్తే ఒక్కో వరుసలో ఎన్ని బైట్లు, ఎన్ని కోడ్‌పాయింట్లు (ప్రపంచ లిపుల గుర్తులకు సంఖ్యలిచ్చే యూనికోడ్ పట్టికలో ఒక్కో గుర్తూ ఒక కోడ్‌పాయింట్), మనం చదివే లెక్కన ఎన్ని అక్షరాలు ఉన్నాయో చెప్పే పనిముట్టు చేతిలో ఉంటే బాగుండునని అప్పుడే అనిపించింది. గో భాష నేర్చుకోవాలన్న కోరిక కూడా అప్పటికే ఉంది. రెండు పనులూ ఒకటిగా చేశాను. ఆ దారినే ఇక్కడ మెట్టు మెట్టుగా చెబుతున్నాను. మీకు జావా, పైథాన్, జావాస్క్రిప్ట్‌లలో ఏదో ఒకటి వచ్చని అనుకుంటున్నాను. రోజుకి ఒక గంట కూర్చుంటే రెండు వారాల పని.

కమాండ్లు, ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. కీబోర్డు మీద మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ఏ పనిముట్టు ఎంచుకోవాలి

కొత్త భాష నేర్చుకునేవాళ్లు చాలామంది టు-డూ యాప్‌తో మొదలుపెడతారు. నా అనుభవంలో అది మధ్యలోనే ఆగిపోతుంది. అందులో భాష కంటే ఫ్రేమ్‌వర్క్, డేటాబేసు, స్క్రీన్ డిజైన్ గొడవ ఎక్కువ. పైగా అది పూర్తయినా మనం వాడం.

నేను చూసుకునేవి మూడే. జవాబు సరైనదో కాదో చేత్తో లెక్కపెట్టి తేల్చుకోగలగాలి. భాషతో వచ్చే లైబ్రరీతోనే పని జరగాలి, బయటి ప్యాకేజీ ఒక్కటీ అక్కర్లేదు. పూర్తయ్యాక నేను నిజంగా వాడుకోవాలి. మొదటిది అన్నిటికంటే ముఖ్యం. భాష కొత్త, సమస్య కూడా కొత్త అయితే, తప్పు వచ్చినప్పుడు అది ఎక్కడ ఉందో తెలియక టెన్షన్ పడతాం. 'తెలుగు' అన్న మాటలో మూడు అక్షరాలు ఉన్నాయని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ప్రోగ్రాము ఐదు అంటే తప్పు ప్రోగ్రాముదే.

యూనిక్స్‌లో వరుసలు, మాటలు, బైట్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ అనే కమాండ్ 1971 నాటి మొదటి ఎడిషన్ నుంచీ ఉంది. మనం కట్టేది దానికి తెలుగు తెలిసిన తమ్ముడు. దాని పేరు 'లెక్క' అనుకుందాం.

ఈ పనికి గో బాగా అతుకుతుంది. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కలిసి 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక హోటల్లో భోజనం దగ్గర, పళ్లెం కింద పరిచే కాగితం మీద యూటీఎఫ్-8 గీశారు. యూనికోడ్ గుర్తులను బైట్లుగా రాసే పద్ధతి అది. ఈ రోజు మన తెలుగు పేజీలన్నీ ప్రయాణించేది ఆ ఎన్‌కోడింగ్‌లోనే. తర్వాత ఆ ఇద్దరే, రాబర్ట్ గ్రీజ్మర్‌తో కలిసి, గూగుల్‌లో గో భాషను రూపొందించారు. అది 2009 నవంబరులో బయటికి వచ్చింది, 1.0 వెర్షన్ 2012 మార్చిలో. అందుకే గోలో యూటీఎఫ్-8 తర్వాత అతికించినట్టు ఉండదు, భాష ఒంట్లోనే ఉంటుంది.

మొదటి రోజు: ఇన్‌స్టాల్ చేసి, ఒక్కటి నడిపి, ఆపేయండి

గో అధికారిక సైటు నుంచి ఇన్‌స్టాలర్ దించుకోండి. ఒక ఫోల్డర్ చేసి, అందులో 'గో మాడ్ ఇనిట్ లెక్క' కొట్టండి. మాడ్యూల్ పేరు కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి. మెయిన్ ఫైలులో ఒక్క వరుస ప్రింట్ చేసి 'గో రన్' తో నడపండి. ఎడిటర్‌లో గో ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని, సేవ్ చేసిన ప్రతిసారీ గోఫ్మ్‌ట్ నడిచేలా చూసుకోండి. బ్రాకెట్ ఎక్కడ ఉండాలి, ట్యాబా స్పేసా అన్న చర్చ గోలో లేదు, అదే సర్దేస్తుంది.

గో వాళ్లు ఇచ్చే ఇంటరాక్టివ్ టూర్‌లో వేరియబుల్స్, ఫంక్షన్లు, లూపులు, స్లైసులు (గోలో జాబితాలు) వరకు ఆ సాయంత్రమే చదవండి. గోరుటీన్ల (ఒకేసారి పక్కపక్కన నడిచే పనుల) దగ్గరికి వెళ్లకండి. అవసరం పడనిది చదివితే రెండు రోజుల్లో మర్చిపోతాం.

వాడని వేరియబుల్, వాడని ఇంపోర్టు ఉంటే గోలో కంపైల్ కాదు. మొదటి రెండు రోజులు చిరాకు పుడుతుంది, తర్వాత అలవాటవుతుంది.

రెండో మెట్టు: ముతకగా, కానీ నడిచేలా

కమాండ్ లైన్‌లో ఇచ్చిన ఫైలు పేరు ఓఎస్ ఆర్గ్స్‌లో దొరుకుతుంది. ఓఎస్ రీడ్‌ఫైల్ ఫైలు మొత్తాన్ని ఒకేసారి మెమరీలోకి తెస్తుంది. దాన్ని స్ట్రింగ్‌గా మార్చి, లెన్ పెట్టి ప్రింట్ చేయండి. ఇరవై వరుసలు దాటదు. ఇది మీ మొదటి వెర్షన్, దీన్ని గిట్‌లో కమిట్ చేయండి.

రీడ్‌ఫైల్ రెండు విలువలు తిరిగిస్తుందని ఇక్కడే గమనిస్తారు: డేటా, ఎర్రర్. జావాలోలా ఎక్సెప్షన్ విసరడం ఉండదు. ఎర్రర్ కూడా మామూలు విలువే. అది నిల్ కాకపోతే ఏం చేయాలో అక్కడికక్కడ రాయాలి. మూడు వరుసలకొకసారి ఇదే రాస్తున్నామని మొదట విసుగొస్తుంది. దాన్ని దాటేసే దారులు వెతకొద్దని నా సలహా. ఏ చోట ఏం తప్పు జరగవచ్చో చేత్తో రాస్తున్నకొద్దీ ఆ ప్రోగ్రాము మనకు బాగా అర్థమవుతుంది.

ఒక ఫైలులో 'తెలుగు' అన్న ఒక్క మాట, చివర ఎంటర్ కొట్టకుండా రాసి, లెక్కను నడపండి. 18 వస్తుంది.

మూడో మెట్టు: స్ట్రింగ్ అంటే ఏమిటో తెలుసుకోవడం

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. గోలో స్ట్రింగ్ అంటే బైట్ల వరుస. లెన్ ఇచ్చేది బైట్ల సంఖ్య. తెలుగు యూనికోడ్ బ్లాకులోని ప్రతి కోడ్‌పాయింటూ యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది. 'తెలుగు'లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు కోడ్‌పాయింట్లు. ఆరు మూళ్లు పద్ధెనిమిది.

అదే స్ట్రింగ్ మీద రేంజ్ పెట్టి లూప్ తిప్పితే గో బైట్లు ఇవ్వదు, ర్యూన్లు ఇస్తుంది. ర్యూన్ అంటే గో భాషలో ఒక కోడ్‌పాయింట్. రేంజ్ ఇచ్చే సూచికను కూడా ప్రింట్ చేసి చూడండి: 0, 3, 6, 9, 12, 15 అని దూకుతుంది. నాకు స్ట్రింగ్ సంగతి అర్థమైంది ఆ ఆరు అంకెలు తెర మీద చూసినప్పుడే. స్క్వేర్ బ్రాకెట్‌లో సున్నా పెట్టి మొదటి 'అక్షరం' అడిగితే 'త' రాదు, 224 అనే సంఖ్య వస్తుంది. అది 'త'లోని మూడు బైట్లలో మొదటిది.

ఇప్పుడు లెక్క రెండు అంకెలు చెబుతుంది: బైట్లు 18, కోడ్‌పాయింట్లు 6. మనకు కావలసిన మూడోది 3.

నాలుగో మెట్టు: టెస్టులు ముందు, అక్షరాల సూత్రం తర్వాత

గోలో టెస్టులకు బయటి లైబ్రరీ అక్కర్లేదు. ఫైలు పేరు చివర అండర్‌స్కోర్ టెస్ట్ అని, ఫంక్షన్ పేరు మొదట టెస్ట్ అని ఉంటే 'గో టెస్ట్' దాన్ని నడుపుతుంది. గో వాళ్లు టెస్టులు పట్టికలా రాస్తారు: ఒక స్లైసులో ఇన్‌పుట్, రావలసిన జవాబు పెట్టి, లూప్ తిప్పి పోలుస్తారు. నా పట్టికలో మొదటి వరుసలు ఇవి, మీరూ చేత్తో లెక్కపెట్టి చూడండి:

ఖాళీ స్ట్రింగ్: 0 బైట్లు, 0 కోడ్‌పాయింట్లు, 0 అక్షరాలు
అమ్మ: 12, 4, 2
తెలుగు: 18, 6, 3
స్త్రీ: 18, 6, 1
లక్ష్మి: 21, 7, 2
సంక్రాంతి: 27, 9, 3

'తెలుగు', 'స్త్రీ' రెండింటికీ బైట్లు, కోడ్‌పాయింట్లు సమానం. అక్షరాలు మాత్రం మూడు, ఒకటి. ఈ జత పట్టికలో ఉంటే ఉజ్జాయింపుగా రాసిన సూత్రం ఏదీ గట్టెక్కదు.

ఇక సూత్రం. గుణింతపు గుర్తులను వదిలేసి మిగతావి లెక్కపెడదామని మొదట తోస్తుంది. యూనికోడ్ ప్యాకేజీలో ఎమ్ఎన్ అనే వర్గం కనిపిస్తుంది, చోటు తీసుకోని గుర్తుల వర్గం అది. దాన్ని వాడితే 'తెలుగు'కి 5 వస్తుంది. ఎందుకంటే ఎత్వం ఎమ్ఎన్ వర్గంలో ఉంది, కొమ్ము మాత్రం ఎమ్‌సీ అనే వేరే వర్గంలో ఉంది. సున్నా, విసర్గ కూడా ఎమ్‌సీలోనే. నేను దీని మీద ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నాను. యూనికోడ్ ప్యాకేజీలోని ఇజ్‌మార్క్ రెండు వర్గాలనూ కలిపి చూస్తుంది. అది పెడితే 3 వచ్చింది.

వెంటనే 'లక్ష్మి' తప్పింది: 4 వచ్చింది. ల, క, ష, మ నాలుగూ విడివిడిగా లెక్కకొచ్చాయి. తెలుగు వత్తు అంటే యూనికోడ్‌లో పొల్లు, దాని వెనుక మామూలు హల్లు. కాబట్టి ముందున్న ర్యూన్ పొల్లు అయితే, ఇప్పుడొచ్చిన తెలుగు హల్లును కొత్త అక్షరంగా లెక్కపెట్టకూడదు. లూప్‌లో 'ముందు' అని ఒక వేరియబుల్ ఉంచుకుంటే సరిపోతుంది. ఇప్పుడు 2.

తర్వాత ఒక వాక్యం ఇచ్చి చూశాను. ఖాళీలు, కామాలు కూడా అక్షరాలైపోయాయి. అప్పుడు ఇజ్‌మార్క్‌ను తీసేసి ప్రశ్న తిరగేశాను: ఇజ్‌లెటర్ అవునంటేనే లెక్కపెట్టు, ముందు పొల్లు ఉంటే వదిలెయ్యి. గుర్తులేవీ లెటర్ వర్గంలో లేవు కాబట్టి అవి వాటంతటవే పక్కకు తప్పుకున్నాయి. పన్నెండు వరుసల ఫంక్షన్ ఏడు వరుసలైంది.

ఇంకొక్క వరుస పట్టికలో చేర్చండి: సాఫ్ట్‌వేర్. ఇందులో 'ట్' తర్వాత కంటికి కనబడని ఒక కోడ్‌పాయింట్ ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. 'వ' వత్తుగా మారిపోకుండా అది ఆపుతుంది. దానితో 33 బైట్లు, 11 కోడ్‌పాయింట్లు, 4 అక్షరాలు. అది లేకుండా రాస్తే 30, 10, 3. పేర్ల ఫైలులో వెతికినప్పుడు ఒకేలా ధ్వనించే రెండు మాటలు ఎందుకు కలవవో ఈ పనిముట్టు ఇట్టే పట్టిస్తుంది.

రెడీమేడ్ లైబ్రరీ వాడవచ్చుగా అంటే, వాడవచ్చు. కానీ 2023లో యూనికోడ్ 15.1 వచ్చేదాకా ప్రామాణిక నియమాలు 'లక్ష్మి'ని నాలుగు ముక్కలుగానే చూసేవి. ఆ వెర్షన్‌తోనే తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయకూడదన్న నియమం చేరింది. పాత నియమాల మీద నడిచే లైబ్రరీ ఇప్పటికీ 4 అనే చెబుతుంది. ఎలాగూ ఇది నేర్చుకోవడానికి కాబట్టి సొంతంగా రాయడమే మేలు.

మరో సంగతి ఇక్కడే ఎదురవుతుంది. ఉత్సాహం కొద్దీ వేరియబుల్‌కి తెలుగులో 'లెక్క' అని పేరు పెట్టబోతే గో ఒప్పుకోదు. పేర్లలో లెటర్లు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే ఉండాలి, గుణింతపు గుర్తులు ఆ జాబితాలో లేవు. పైథాన్ 3లో ఇదే పేరు చెల్లుతుంది. ఇంకా, గోలో ఒక పేరు ప్యాకేజీ బయటికి కనబడాలంటే పెద్ద అక్షరంతో మొదలవ్వాలి. మన లిపిలో పెద్ద, చిన్న అక్షరాల తేడానే లేదు. యూటీఎఫ్-8 కనిపెట్టినవాళ్ల భాషలో ఈ లోటు ఉండటం నాకు బాధగానే ఉంది.

ఐదో మెట్టు: ఎక్కడి నుంచి వచ్చినా చదవగలగాలి

ఫైలు మొత్తం మెమరీలోకి తెచ్చే పద్ధతి ఇప్పుడు మార్చాలి. పైపు ద్వారా వేరే కమాండ్ పంపినదాన్నీ లెక్క చదవాలి. లెక్కపెట్టే ఫంక్షన్ ఫైలు పేరు తీసుకోకుండా ఐఓ రీడర్ తీసుకునేలా రాయండి. రీడర్ అనేది ఒకే ఒక్క మెథడ్ ఉన్న ఇంటర్‌ఫేస్. తెరిచిన ఫైలు, స్టాండర్డ్ ఇన్‌పుట్, టెస్టులో మనం చేసిన స్ట్రింగ్స్ న్యూరీడర్ మూడూ అందులో ఇముడుతాయి. జావా నుంచి వచ్చినవాళ్లు 'ఇంప్లిమెంట్స్' అన్న మాట కోసం వెతుకుతారు. గోలో అది లేదు. మెథడ్ ఉంటే చాలు, ఇంటర్‌ఫేస్ అదే కుదురుతుంది. దీని గురించి నేను ముందే చదివాను, కానీ ఫంక్షన్ సంతకం (సిగ్నేచర్) ఒక్కటి మార్చగానే టెస్టులు డిస్కు ముట్టుకోకుండా నడిచినప్పుడే నమ్మకం కుదిరింది.

వరుసల వారీగా చదవడానికి ఎక్కువమంది బఫ్ఐఓ స్కానర్ చూపిస్తారు. దానికి మామూలుగా ఒక వరుసకు 64 కేబీ హద్దు ఉంది. అంతకంటే పొడవైన వరుస వస్తే లూప్ నిశ్శబ్దంగా ఆగిపోతుంది. లూప్ తర్వాత స్కానర్ ఎర్రర్ అడగకపోతే సగం లెక్కనే పూర్తి లెక్క అనుకుంటాం. అనువాదాల జేసన్ ఫైళ్లు తరచూ ఒకే పొడుగాటి వరుసలో ఉంటాయి కాబట్టి ఇది ఊహాజనితమైన సమస్య కాదు. దీనికి బదులు బఫ్ఐఓ రీడర్‌లోని రీడ్‌ర్యూన్ వాడండి. ర్యూన్‌తో పాటు అది ఎన్ని బైట్లో కూడా ఇస్తుంది. మన మూడు లెక్కలకూ సరిగ్గా కావలసింది అదే. ఫైలు అయిపోతే ఐఓ ఈఓఎఫ్ అనే ఎర్రర్ వస్తుంది. దాన్ని తప్పుగా చూడకుండా ముగింపుగా తీసుకోవాలి.

ఆరో మెట్టు: ఫ్లాగులు, ఎర్రర్లు

భాషతో వచ్చే ఫ్లాగ్ ప్యాకేజీ చాలు. ఫైలు పేరు తర్వాత ఇచ్చిన ఫ్లాగులను అది చదవదు, ఆ సంగతి సహాయపు సందేశంలో రాసి పెట్టండి. నేను మొదట చేర్చిన ఫ్లాగు 'గరిష్ఠం': 30 అని ఇస్తే, అన్ని బైట్లు దాటిన వరుసలను మాత్రమే చూపిస్తుంది. ఒక్క వరుస దాటినా ప్రోగ్రాము 1 అనే ఎగ్జిట్ కోడ్‌తో ముగుస్తుంది. అలా చేస్తే బిల్డ్ స్క్రిప్టులో పెట్టుకోవచ్చు.

ఎస్ఎంఎస్‌ల కోసం ఇంకొకటి పెట్టుకోవచ్చు. ఇంగ్లిష్ సందేశానికి 160 అక్షరాల చోటు ఉంటే, తెలుగు చేరగానే అది 70 కోడ్‌పాయింట్లకు తగ్గుతుంది. ఓటీపీ సందేశాలు తెలుగులోకి మార్చే టీములకు ఇది బాగా పనికొస్తుంది.

చాలా ఫైళ్లు ఇచ్చినప్పుడు ఒకటి తెరవలేకపోతే మిగతావి ఆగకూడదు. ఎర్రర్‌కు ఫైలు పేరు జోడించి స్టాండర్డ్ ఎర్రర్‌లోకి పంపి, ముందుకు సాగండి. ఫంక్షన్ ముగిసేటప్పుడు చేయాల్సిన పనిని ముందే చెప్పి ఉంచేది డిఫర్. లూప్‌లో ఫైలు తెరిచి డిఫర్‌తో మూస్తే అన్నీ ఫంక్షన్ చివరిదాకా తెరిచే ఉంటాయి. ఒక ఫైలు పనిని వేరే ఫంక్షన్‌గా విడదీయండి, డిఫర్ అందులో సరైన చోట నడుస్తుంది.

ఏడో మెట్టు: గోరుటీన్లు, ఇప్పుడు మాత్రమే

ఒక్కో ఫైలును ఒక్కో గోరుటీన్‌కు అప్పగించి, ఫలితాలను ఛానెల్‌లో, అంటే గోరుటీన్ల మధ్య విలువలు అందించే గొట్టంలో, తెచ్చుకోండి. అందరూ ఒకే మ్యాప్‌లో రాసేలా మొదటిసారి కావాలనే తప్పుగా రాసి, 'గో టెస్ట్'కు ఇలాంటి ఢీకొట్టుకోవడాన్ని పట్టే రేస్ ఫ్లాగు ఇచ్చి నడపండి. ఏ వరుసలో ఎవరు ఎవరి మీద రాస్తున్నారో అది వేలు పెట్టి చూపిస్తుంది. ఒకసారి ఆ రిపోర్టు చదివితే ఛానెల్ ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్న ఫైళ్లు పది ఉంటే వేగంలో తేడా కనబడదు. కొలిచి చూసి, లాభం లేకపోతే తీసేయండి. నా లెక్కలో చివరికి తీసేశాను.

ఏఐ సహాయకుల గురించి కూడా చెప్పాలి. ఈ పనిముట్టు మొత్తం ఒక్క నిమిషంలో రాసిస్తాయి, అప్పుడు మీకు మిగిలేది పనిముట్టే కానీ భాష రాదు. ప్రతి మెట్టూ ముందు మీరు రాసి, టెస్టులు నెగ్గాక చూపించి, 'గో బాగా తెలిసినవాళ్లు దీన్ని ఎలా రాస్తారు' అని అడగండి. అది చెప్పినది మీ పట్టికతో సరిచూడండి. అక్షరాల లెక్కలో అవి తడబడతాయి, మీ పట్టిక తడబడదు.

చివరి రెండు రోజులు

కోడ్‌లో అనుమానం కలిగించే చోట్లు చూపించే 'గో వెట్' నడిపి అది చెప్పినవి సరిచేయండి. తర్వాత స్ట్రింగ్స్ ప్యాకేజీలో ఫీల్డ్స్ అనే ఫంక్షన్ సోర్సు తెరిచి చదవండి. మాటలను విడదీసే పని అదెలా చేస్తుందో చూసి, మీ కోడ్‌తో పోల్చండి. రెండు వారాల క్రితం అర్థం కానిది ఇప్పుడు అర్థమవుతుంది. చదివాక మీ మొదటి ఫైలుకు తిరిగి వెళ్లి, పాత భాష వాసన కొట్టే చోట్లు మార్చండి. నా కోడ్‌లో గెట్ అని మొదలయ్యే ఫంక్షన్ పేర్లు ఆరు దొరికాయి. అవి జావా అలవాటు, గోలో అలా రాయరు.

ఆఖరున, మీరు లినక్స్‌లో ఉన్నా సరే, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కట్టాలో చెప్పే గూస్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో విండోస్ అని పెట్టి 'గో బిల్డ్' కొడితే విండోస్‌కు ఒకే ఒక్క ఫైలు తయారవుతుంది. దాన్ని పక్క సీటులో టెస్టింగ్ చేసే వాళ్లకు ఇచ్చి, ఏం చెప్పకుండా నడపనివ్వండి. వాళ్లు మొదట అడిగే ప్రశ్నే మీ తర్వాతి ఫీచర్. నన్ను అడిగింది, ఏ వరుసలో హద్దు దాటిందో వరుస నంబరు ఎందుకు చూపించట్లేదని. ఆ సాయంత్రమే చేర్చాను. మర్నాడు అదే పేర్ల ఫైలు మీద 30 హద్దు పెట్టి నడిపితే, వెంకటేశ్వరరావు గారి వరుస నంబరు పక్కన మూడు అంకెలు వచ్చాయి: 42, 14, 7.